మిగిలిన రూ.86,400 ఎవరివి?

ప్రశ్న: నమస్కారమండీ. మాది విశాఖపట్నం, ఇసుకతోట. నాలుగేళ్ల కిందట మేం ఏడుగురం కలిసి పెదజాలారిపేట పిల్లలకు సాయంత్రం పూట చదువు చెప్పడం మొదలుపెట్టాం. రెండేళ్ల కిందట సొసైటీగా రిజిస్టర్ చేయించాం. నేను సెక్రటరీని. ఆ ఏడుగురిలో మావారు, మా మరిది కూడా ఉన్నారు. బడి మా ప్రెసిడెంటు గారి ఇంటి కింది వాటాలో నడుస్తోంది. మొన్న మార్చి 31కి లెక్కలు కడితే చందాలూ విరాళాలూ కలిపి వచ్చింది రూ.4,20,000, ఖర్చయింది రూ.3,33,600, మిగిలింది రూ.86,400. జనరల్ బాడీలో ఒకాయన లేచి "మనది నాన్‌ప్రాఫిట్ కదా, లాభం ఎలా మిగిలింది? తెలిస్తే రిజిస్ట్రేషన్ రద్దు చేస్తారు" అన్నారు. ఇంకొకాయన "ఏడుగురం కష్టపడ్డాం, తలా పన్నెండు వేలు పంచేసుకుంటే పోలా" అన్నారు. ప్రెసిడెంటు గారు ఇక నుంచి నెలకు రూ.6,000 అద్దె ఇమ్మంటున్నారు. నేను ప్రైవేటు స్కూల్లో ఉద్యోగం మానేసి బడి పనే చూస్తున్నాను, నెలకు రూ.9,000 తీసుకోవచ్చా? పిల్లల దగ్గర నెలకు వంద రూపాయల ఫీజు పెట్టొచ్చా? అమెరికాలో ఉన్న మా అక్క కొడుకు డాలర్లు పంపుతానంటున్నాడు. ఇంతకీ నాన్‌ప్రాఫిట్ అని దేన్ని అంటారు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు.
ఒక పాఠకురాలు

జవాబు: అమ్మా, ముందు హాయిగా నిద్రపోండి. డబ్బు మిగిలిందని ఎవరూ మీ రిజిస్ట్రేషన్ రద్దు చెయ్యరు. ఆ రోజు మీటింగులో భయపడాల్సిన మాట అన్నది మొదటాయన కాదు, రెండో ఆయన. సరదాగా అన్నారో నిజంగానే అన్నారో మీరు రాయలేదు. ఆ మాట మినిట్స్ పుస్తకంలోకి ఎక్కి, కింద ఏడు సంతకాలు పడి ఉంటే మాత్రం ఈ ఉత్తరం మీరు లాయరుకు రాసుకోవాల్సి వచ్చేది.

ఈ గందరగోళంలో సగం పేరు వల్ల వచ్చింది. నాన్‌ప్రాఫిట్ అనగానే లాభం ఉండకూడదేమో అనిపిస్తుంది. తెలుగులో లాభాపేక్ష లేని సంస్థ అంటాం. ఇది కాస్త నయం. లేనిది లాభం మీద ఆశ అని చెబుతుంది, లాభం లేదనదు. అయినా ఇదీ పూర్తిగా సరిపోదు. ఆశ మనసులో ఉండేది. రిజిస్ట్రారు గారు గానీ ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లు గానీ మీ మనసులోకి తొంగి చూడరు, పాస్‌బుక్ చూస్తారు. ఇక ఎన్జీవో అనే మాటైతే మన ఊళ్లో చెప్పనే అక్కర్లేదు. ఎన్జీవో అంటే ఇక్కడ నాన్‌గెజిటెడ్ ప్రభుత్వోద్యోగి అనే అర్థం, అక్కయ్యపాలెంలో ఏకంగా ఎన్జీజీవోస్ కాలనీ ఉంది. "మాది ఎన్జీవో అండీ" అంటే "ఏ డిపార్ట్‌మెంటులో చేసేవారు?" అని అడిగే పెద్దవాళ్లు నాకు ఇప్పటికీ తగులుతుంటారు.

మీ వీధిలో వినాయకచవితి పందిరి గుర్తు తెచ్చుకోండి. కుర్రాళ్లు ఇంటింటికీ తిరిగి చందా వసూలు చేస్తారు. మైకు, లైట్లు, పూజారి గారు, నిమజ్జనానికి ట్రాక్టరు, ఖర్చులన్నీ పోతాయి. చివరి రోజు లడ్డు వేలం. అన్నీ అయ్యాక ఓ పదకొండు వేలు మిగిలాయనుకోండి. ఒక కమిటీ ఆ డబ్బుతో వచ్చే ఏటికి సొంత టార్పాలిన్ కొని రామాలయంలో పడేస్తుంది. ఇంకో కమిటీ ఆదివారం నాడు పదిమందీ కూర్చుని బిర్యానీ తిని, మిగిలినదాంతో తలా ఒక టీషర్టు తీసుకుంటుంది. రెండు కమిటీలకూ మిగిలింది అంతే, రెండూ భక్తితోనే పందిరి వేశాయి. కానీ చందా ఇచ్చిన ఇంటావిడ వచ్చే ఏడు రెండో కమిటీ వాళ్లను దూరం నుంచి చూసే తలుపు వేసుకుంటుంది. ఆవిడ ఏ చట్టమూ చదవలేదు. మీరడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం ఆవిడకు తెలుసు.

మీ వీధి చివర కిరాణా కొట్టులో ఖర్చులు పోను మిగిలింది కొట్టు యజమానిది. ఆయన దాంతో సరుకు తెచ్చుకుంటాడు, కూతురికి గొలుసు చేయించుకుంటాడు, ఆయన ఇష్టం. కంపెనీలో మిగిలింది వాటాదార్లది, డివిడెండుగా పంచుతారు. సహకార బ్యాంకులో సభ్యులకూ డివిడెండు వస్తుంది, అందుకే అది ఎంత మంచి పని చేసినా ఈ లెక్కలోకి రాదు. మీ బడిలో మిగిలిన రూ.86,400 ఏడుగురిలో ఏ ఒక్కరిదీ కాదు, ఏడుగురిదీ కలిపి కూడా కాదు. అది బడిది. బడి ఏ పని కోసం పెట్టామని మీ బైలాస్‌లో, అంటే సంస్థ నియమావళిలో, రాసుకున్నారో ఆ పనికి చెందినది. మిగులు మీద ఎవరికీ వాటా లేకపోవడమే లాభాపేక్ష లేని సంస్థకు అసలు గుర్తు. తక్కినవన్నీ, అంటే సేవ, ఉచితం, వాలంటీర్లు, ఇవి ఉండొచ్చు, ఉండకపోవచ్చు.

1980లో హెన్రీ హాన్స్‌మన్ అనే అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు ఈ పంచకూడదన్న కట్టుబాటు మీదే తన వాదనంతా కట్టాడు. అది ఎందుకు కావాలో ఆయన చెప్పిన కారణాన్ని మన ఊళ్లోకి తెచ్చి చెబుతాను. పూర్ణామార్కెట్లో వంకాయలు కొంటే పుచ్చుందో లేదో మీరే తిప్పి చూసుకుంటారు. మీ అక్క కొడుకు పెదజాలారిపేట పిల్లాడికి నోటు పుస్తకాలు కొనమని డబ్బు పంపితే, ఆ పుస్తకాలు అందాయో లేదో అతను తిప్పి చూడలేడు. డబ్బు ఇచ్చేది ఒకరు, పుస్తకం పుచ్చుకునేది ఇంకొకరు. మధ్యలో ఉన్నవాళ్లు పదికి ఎనిమిదే కొని రెండింటి డబ్బు ఇంటికి పట్టుకెళ్లినా అడిగే దిక్కు లేదు. ఇంటికి పట్టుకెళ్లే దారినే చట్టం మూసేస్తే, తగ్గించి కొనడం వల్ల ఎవరికీ ఒరిగేదేమీ ఉండదు. అప్పుడు దూరాన ఉన్నవాడు కూడా నమ్మి ఇస్తాడు.

మరి ఫీజు తీసుకుంటే? ఇసుకతోట నుంచి హైవే మీద అటు వెళ్తే హనుమంతవాక దగ్గర ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి ఉంది కదా. డాక్టర్ గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు 1987లో హైదరాబాదులో మొదలుపెట్టిన సంస్థ అది. విశాఖలోది 2006లో తెరిచారు. కౌంటర్ దగ్గర డబ్బు కట్టి చూపించుకునేవాళ్లూ ఉంటారు, ఒక్క రూపాయి కట్టకుండా ఆపరేషన్ చేయించుకుని వెళ్లేవాళ్లూ ఉంటారు. కట్టగలిగినవాళ్లు కట్టింది కట్టలేనివాళ్ల వైద్యానికి ఆసరా అవుతుంది. డాక్టర్లకు, నర్సులకు జీతాలున్నాయి, బిల్లులున్నాయి, ఏసీలున్నాయి. లేనిది మిగులు పంచుకునే వాటాదారు. కాబట్టి వంద రూపాయల ఫీజు పెట్టినంత మాత్రాన మీ బడి స్వభావం మారిపోదు. నన్నడిగితే మాత్రం పెట్టొద్దంటాను, అది చట్టం కోసం కాదు. సముద్రంలో చేపల వేట నిషేధం ఉన్న రెండు నెలలూ పడవలు ఒడ్డునే ఉండే పేట అది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వంద కూడా కష్టమే. ఫీజు కట్టలేదని ఒక పిల్లను గుమ్మం దగ్గర ఆపిన రోజున మీరు బైలాస్‌లో రాసుకున్న ఆశయానికే అడ్డం పడినట్టు. అంతగా కావాలంటే ఇవ్వగలిగినవాళ్లు ఇచ్చేలా డబ్బా ఒకటి పెట్టండి.

ఆశయం అన్నాను కాబట్టి ఒక ముఖ్యమైన సంగతి. మీ బైలాస్‌లో ఆశయం కింద ఏం రాశారో చూడండి. ఒట్టి "విద్య" అని ఉంటే ఇన్‌కమ్ ట్యాక్స్ దగ్గర చిక్కు రావచ్చు. 1975లో లోకశిక్షణ ట్రస్టు కేసులో సుప్రీంకోర్టు విద్య అంటే బడుల్లో, కాలేజీల్లో పద్ధతి ప్రకారం సాగే చదువే అన్న అర్థం చెప్పింది. 2022లో న్యూ నోబుల్ ఎడ్యుకేషనల్ సొసైటీ కేసులో, అది మన ఆంధ్ర హైకోర్టు నుంచి వెళ్లిన కేసే, ఆ అర్థాన్నే మళ్లీ ఖాయం చేసింది. ట్యూషన్ చెప్పేవాళ్లందరూ మాదీ విద్యే అంటే కుదరదన్నమాట. మీది పేద మత్స్యకార కుటుంబాల పిల్లలకు చేస్తున్న సాయం. ఆ మాటే స్పష్టంగా ఉండాలి, ఎందుకంటే పేదలకు సాయం అనేది చట్టంలో విడిగా ఒక ధర్మకార్యం. లేకపోతే జనరల్ బాడీలో పెట్టి సవరించుకోండి.

ఇప్పుడు మీ జీతం. లాభాపేక్ష లేని సంస్థలో జీతాలు ఉండకూడదనేది మనవాళ్లలో బలంగా నాటుకుపోయిన అపోహ. పనికి కూలి ఇవ్వడం వేరు, మిగులు పంచడం వేరు. మీ బడిలో ఊడ్చే ఆవిడకు నెలకు ఇంత అని ఇస్తున్నారు కదా, అది లాభం పంచడం అవుతుందా? అయితే మీ విషయంలో ఒక ముడి ఉంది. మన రాష్ట్రంలో సొసైటీ రిజిస్ట్రేషన్ కాగితాల్లో సాధారణంగా నాలుగు హామీ వాక్యాలు ఉంటాయి. లాభాపేక్ష లేకుండా, వ్యాపారం లేకుండా నడుపుతాం అని ఒకటి. కార్యవర్గం వాళ్లకు సంస్థ నిధుల నుంచి జీతం ఇవ్వం అని ఇంకొకటి. ఆందోళనలకు దిగం అని మూడోది, సంతకాలు నిజమైనవే అని నాలుగోది. డాక్యుమెంట్ రైటర్ టైపు చేసిచ్చిన ఆ కాగితం మీద చాలామంది చదవకుండానే సంతకం పెట్టేస్తారు. మీ కాపీ బీరువాలోంచి తీసి చూడండి. రెండో వాక్యం ఉంటే, సెక్రటరీగా ఉంటూ మీరు రూ.9,000 తీసుకోవడానికి లేదు.

దారి ఉంది. సెక్రటరీ పదవి వదిలేయండి. వేరొకరిని ఎన్నుకుని, ఆ పేర్ల జాబితా రిజిస్ట్రారుకు పంపండి. తర్వాత కమిటీ మిమ్మల్ని టీచరుగా నియమిస్తూ తీర్మానం చెయ్యాలి. ఆ తీర్మానం మీద మాట్లాడేటప్పుడు మీరు గదిలో ఉండకండి. మీవారు, మీ మరిది కూడా లేచి బయటికి రావాలి. మిగిలిన నలుగురూ కలిసి ఈ పనికి బయట ఎంత ఇస్తారో చూసి తేల్చాలి. జీతం బ్యాంకు ద్వారానే రావాలి. పదవి పోతోందని బాధగా ఉంటుందని తెలుసు, నాలుగేళ్లు మోసినవాళ్లు మీరు. కానీ పదవినీ జీతాన్నీ రెండింటినీ పట్టుకుని కూర్చున్న సెక్రటరీని రేపు ఎవరైనా వేలెత్తి చూపిస్తే మీ దగ్గర జవాబు ఉండదు. నిజానికి ఏడుగురిలో ముగ్గురు ఒకే ఇంటివాళ్లు కావడమే నాకు అంతగా నచ్చలేదు. సొసైటీకి కనీసం ఏడుగురు కావాలని చట్టం అడిగితే మనం ఇంట్లో దొరికినవాళ్ల చేత సంతకాలు పెట్టించేస్తాం. పేటలోంచి ఇద్దరు తల్లులను సభ్యులుగా తీసుకోండి. లెక్కలు అడిగే హక్కు వాళ్లకు మీ అందరికన్నా ఎక్కువ.

ప్రెసిడెంటు గారి అద్దె సంగతీ ఇంతే. అద్దె ఇవ్వడం తప్పు కాదు. ట్రస్టీలు, కార్యవర్గం వాళ్లు, వాళ్ల చుట్టాలు సంస్థ నుంచి అనుచితంగా లాభం పొందకూడదని ఆదాయపన్ను చట్టంలో గట్టి నిబంధన ఉంది. అనుచితం అన్న మాట దగ్గరే ఉంది అంతా. ఇసుకతోటలో అంత గది, రోజుకు రెండు గంటలు, రూ.6,000 చెల్లుతుందా? ఎదురింటాయన రూ.3,000కే ఇస్తానంటే ఈయనకు ఆరు ఇవ్వడమంటే మిగులును అద్దె పేరుతో ఇంటికి పంపడమే. పక్క ఇళ్ల అద్దెలు కనుక్కుని రాసి పెట్టుకోండి, అగ్రిమెంటు రాయించండి, తీర్మానం అయ్యేటప్పుడు ఆయన కుర్చీలో మరొకరిని కూర్చోబెట్టండి. ఆయన నొచ్చుకుంటే ఈ ఉత్తరం చూపించండి.

ఇంత పట్టుగా ఎందుకు చెబుతున్నానంటే నాకో అనుభవం ఉంది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు మా వీధిలో చిన్న రీడింగ్ రూమ్ సంఘం ఒకటి ఉండేది. కరెంటు లేని ఆ రోజుల్లో కొవ్వొత్తులు, బియ్యం, రేకులు ఎగిరిపోయిన ఇళ్లకు కప్పుకోవడానికి పట్టాలు పంచాం. బయట ఊళ్లలోని మనవాళ్లు అడక్కుండానే డబ్బు పంపారు. అంతా అయ్యాక రూ.31,000 మిగిలింది. మా కోశాధికారి చాలా మంచి మనిషి. బ్యాంకు ఖాతా సరిగా లేదని తన సొంత ఖాతాలో వేసి ఉంచాడు. కూతురి కాలేజీ ఫీజు కట్టాల్సి వచ్చి అందులోంచి ఇరవై వేలు వాడుకున్నాడు. ఆరు వారాలకు తిరిగి వేసేశాడు, లెక్క పుస్తకంలో తనే ఎర్ర ఇంకుతో రాసుకున్నాడు కూడా. మాకెవరికీ చెప్పలేదు, ఆ ఎర్ర ఇంకు చూసే తెలిసింది. ఒక్క రూపాయి పోలేదు. కానీ ఆ పుస్తకం ఆడిట్ కోసం నలుగురి చేతుల్లో తిరిగింది. తర్వాతి వేసవిలో చలివేంద్రం పెడదామని చందా పుస్తకం పట్టుకుని వెళ్తే, ఎప్పుడూ వెయ్యి రాసే మందుల షాపాయన యాభై రాసి పెన్ను మూత పెట్టేశాడు. రీడింగ్ రూమ్ మరో ఏడాదికి మూతపడింది. పేపర్లు వేసుకునే బల్ల ఇప్పుడు ఎవరింట్లో ఉందో నాకు తెలియదు. చేబదులు కూడా పంపకమే అని మాకు అప్పుడు ఎవరూ చెప్పలేదు.

ఇక డాలర్లు. మీ అక్క కొడుకును ఒక్క ప్రశ్న అడగండి: "నీ పాస్‌పోర్టు ఏ దేశానిది?" గ్రీన్‌కార్డు ఉన్నా, హెచ్1బీ మీద ఉన్నా, ఇండియా పాస్‌పోర్టే ఉంటే అతను తన సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపిన డబ్బు విదేశీ విరాళం కిందికి రాదు. పాస్‌పోర్టు కాపీ ఒకటి తెప్పించుకుని ఫైల్లో పెట్టుకోండి చాలు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు పెట్టుకుని ఉంటే మాత్రం, మీకు ఎంత అక్క కొడుకైనా, చట్టం దృష్టిలో విదేశీయుడే. అతని దగ్గర తీసుకోవాలంటే 2010 నాటి విదేశీ విరాళాల చట్టం, అదే ఎఫ్‌సీఆర్ఏ, కింద సంస్థకు రిజిస్ట్రేషన్ ఉండాలి. దానికి సంస్థకు మూడేళ్లు నిండాలి, ఆ మూడేళ్లలో ఆశయాల మీద కనీసం రూ.15 లక్షలు ఖర్చు పెట్టి ఉండాలి. మీది రిజిస్టరై రెండేళ్లే, ఖర్చు ఏడాదికి మూడున్నర లక్షల లోపే. ఇప్పట్లో కుదరదు. "మా అక్క ఖాతాలో వేయించి, అక్క చేత ఇప్పిస్తే?" అని మీకు తప్పకుండా అనిపిస్తుంది, మొదట నాకూ అనిపించింది. అది దొడ్డిదారి, దొరికితే మీ అక్కయ్యగారూ ఇరుక్కుంటారు. వద్దు.

ఇందులో ఇంకో సంగతి కలిసిపోయింది, విడదీస్తాను. రిజిస్ట్రేషన్ అంటే పుట్టినట్టు కాగితం అంతే. అది మూడు రకాలుగా దొరుకుతుంది. మీలా రాష్ట్ర సొసైటీల చట్టం, 2001 కింద సొసైటీగా, లేదా డీడు రాయించుకుని ట్రస్టుగా, లేదా 2013 కంపెనీల చట్టం 8వ సెక్షన్ కింద డివిడెండు ఇవ్వని కంపెనీగా. పన్ను మినహాయింపు వేరే కాగితం, దానికి విడిగా అర్జీ పెట్టాలి. దాతలకు పన్ను తగ్గింపు వచ్చేది మరో కాగితం. మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కూడా సొసైటీయే కావచ్చు, లాభం పంచదు కాబట్టి నాన్‌ప్రాఫిట్టే. కానీ మెయింటెనెన్స్ కట్టేదీ లిఫ్టు ఎక్కేదీ ఒక్కరే, కనుక అది ధర్మసంస్థ కాదు.

పన్నుల దగ్గర మనందరి నోళ్లలో నానిన పేర్లు 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జీ (దాతలకు పన్ను తగ్గింపు). అవి 1961 చట్టంలోవి. దాని బదులు వచ్చిన 2025 ఆదాయపన్ను చట్టానికి అమలు తేదీ 2026 ఏప్రిల్ 1. సెక్షన్ల నంబర్లు మారాయి, ఇలాంటి సంస్థలను ఆ చట్టం "రిజిస్టర్డ్ నాన్‌ప్రాఫిట్ ఆర్గనైజేషన్" అనే పిలుస్తోంది. అసలు లెక్క మాత్రం పాతదే. రిజిస్ట్రేషన్ తీసుకున్న సంస్థ ఏడాదిలో వచ్చినదాంట్లో 85 శాతం ఆశయాల మీద ఖర్చు పెట్టాలి. 15 శాతం కారణం చెప్పకుండా దాచుకోవచ్చు. అంతకు మించి మిగిలితే ఎందుకు దాస్తున్నారో రాసిచ్చి, ఐదేళ్లలో ఆ పనికే వాడాలి. మీకు ఇంకా ఆ రిజిస్ట్రేషన్ లేదని మీ ఉత్తరాన్ని బట్టి అనుకుంటున్నాను, అయినా మీ అంకెలతోనే చూడండి. రూ.4,20,000లో 15 శాతం రూ.63,000. మీకు మిగిలింది రూ.86,400. తేడా రూ.23,400. ఆ కాస్తకు "రెండు కంప్యూటర్లు కొనడానికి దాస్తున్నాం" అని కారణం రాస్తే సరిపోయేది. మిగలకూడదు అనేదే నియమమైతే, ఎంత మిగుల్చుకోవచ్చో చట్టంలో ఎందుకు రాస్తారు? ఈ లెక్క మీ మొదటాయనకు చూపించండి, ఆయన కూడా నిద్రపోతారు. అర్జీ పెట్టే ముందు ఒక్కసారి సీఏ గారిని కలవండి.

అప్పటిదాకా రసీదు పుస్తకం మీద 80జీ అని అచ్చు వేయించకండి, అడిగినవాళ్లకు ఇంకా రాలేదని చెప్పండి. వచ్చాక కూడా రెండు వేలకు మించి నగదుగా ఇస్తే దాతకు తగ్గింపు రాదు. ఇప్పుడు ఎక్కువమంది ఎంచుకుంటున్న కొత్త పన్ను విధానంలో ఉన్నవాళ్లకైతే అసలే రాదు. పన్ను ఆశ చూపించి చందా అడగడం మానేసి, పిల్లల్ని చూపించి అడగండి. ఫొటోలు కాదు, సాయంత్రం ఆరింటికి వచ్చి కాసేపు కూర్చోమనండి.

చివరగా, మీ బైలాస్‌లో ఆఖరి పేజీ. సంస్థను మూసేస్తే ఆస్తి ఏమవుతుందో అక్కడ ఉండాలి. 1860 నాటి సొసైటీల చట్టం 14వ సెక్షన్ నుంచీ ఇదే పద్ధతి: అప్పులు తీర్చాక మిగిలింది సభ్యులు పంచుకోకూడదు, మరో సొసైటీకి ఇవ్వాలి. ఏ సంస్థ నాన్‌ప్రాఫిట్టో కాదో తేల్చాలంటే నేను ముందు తిప్పేది ఈ పేజీనే. అనాథలకు, వృద్ధులకు ఆశ్రయమిచ్చే డాబాగార్డెన్స్‌లోని ప్రేమ సమాజం లాంటివి మొదలుపెట్టినవాళ్ల కాలం దాటిపోయినా నడుస్తున్నాయంటే, వాటి గోడల్లో ఎవరి వారసులకూ వాటా లేకపోవడం అందులో ఒక కారణం.

వచ్చే ఆదివారం మీటింగు పెట్టండి. మిగిలిన రూ.86,400 దేనికి వాడతారో తీర్మానం రాయండి, రూ.86,400 అని అంకెల్లోనూ అక్షరాల్లోనూ. "పంచేసుకుంటే పోలా" అన్న ఆయన చేతే దాన్ని చదివించండి, ఆయనకూ తేలికగా ఉంటుంది. అలాగే స్టాక్ రిజిస్టరు ఒకటి తెరిచి బల్లలు, బోర్డు, బీరువా అన్నీ ఎక్కించండి. బడి నడిచేది ప్రెసిడెంటు గారి ఇంట్లో కాబట్టి ఆ గదిలో ఫ్యాన్లు ఎవరివో కూడా అడిగి రాసుకోండి. ఆయన బడికి ఇచ్చేశారా, వాడుకోమన్నారా, పక్కనే ఆయన సంతకం ఉండాలి.